పిలిచేదాకా వాకిట్లోనే

వచ్చే ఆదివారం ఒక సాహిత్య సభలో నేను నలభై నిమిషాలు మాట్లాడాలి. విషయం: మావోరీ సాహిత్యం, సినిమా – ఒక యాత్రికురాలి అనుభవాలు. ఆ శీర్షిక ఇచ్చింది నేనే, వినడానికి గొప్పగా ఉంటుందని. ఇప్పుడు దాని కింద ఒక్క వాక్యం నిలవడం లేదు. రాస్తాను, కొట్టేస్తాను, లేచి వంటింట్లోకి వెళ్లి దాహం లేకపోయినా నీళ్లు తాగుతాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. మూడు రోజులుగా ఇదే పని.

దీనికి కారణం తమ్ముడి ఫోను. మొన్న మధ్యాహ్నం సూరత్ నుంచి చేశాడు, నేను వదిలి వచ్చేసిన ఊరి నుంచి.

"అక్కా, కింది కాక పోయిండు."

"ఎట్ల?"

"ఏం లేదు, నిద్రలనే. పొద్దుగాల చాయ్‌కి రాలేదని పక్కింటోళ్లు తలుపు కొట్టిండ్రు."

"ఎవరన్న వచ్చిండ్రా?"

"అందరు వచ్చిండ్రక్కా. క్వార్టర్ల తెలుగోళ్లు ఒక్కరు తప్పలే. మెట్ల మీద నిలవడనీకి జాగ లేకుండె."

అందరూ వచ్చారని వింటే నాకు ఊరట కలగాలి. కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే, ముందు నా మీదే. అదెందుకో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి. ఆయన సంగతి దాచిపెట్టి మావోరీల గురించి ఎన్ని మంచి మాటలు చెప్పినా అవి నా నోట్లో అబద్ధాలే అవుతాయి.

ఆయన పేరు రాయను. కోసాడ్ క్వార్టర్లలో తెలుగువాళ్లందరికీ ఆయన కాక. మా బ్లాకులోనే కింది అంతస్తు. మూడో అంతస్తులో నేనూ, తమ్ముడూ, మరదలూ. మా నాన్నా ఆయనా సిరిసిల్ల వైపు నుంచి ఒకే ఏడు సూరత్ వచ్చి ఒకే షెడ్డులో మగ్గాలు నడిపారు. నాన్న పోయాక ఆయన మగ్గం వదిలేసి పోగులు అతికే పనిలో పడ్డాడు. మగ్గం వెనక బీము అనే రోలరుకు చుట్టిన పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగు చివరకు కొత్త పోగు చివర కలిపి మెలిపెట్టాలి, ఒక్కో బీముకు కొన్ని వేల పోగులు. ఆ పని ఆయన వేళ్లకు ఎంత పట్టిందంటే, ఊరికే ఉన్నప్పుడూ బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉండేవి. "నిద్రల నా కొంగు మెలివెడ్తడు బిడ్డా" అని చిన్నమ్మ నవ్వేది. చిన్నమ్మ అంటే ఆయన భార్య. వాళ్లకు పిల్లలు లేరు.

ఆయన కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. రోజుకు పన్నెండు గంటలు నిలబడే మనిషికి కూర్చోవడమంటే పని ఎగ్గొట్టినట్టు అనిపించేదేమో. పెళ్లిలో కూడా పళ్లెం చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ తినేవాడు. ఎవరైనా కుర్చీ వేస్తే దాని వెనక నిలబడి దాని వీపు మీద చేతులు ఆనించేవాడు, కుర్చీకే విశ్రాంతి ఇస్తున్నట్టు.

కొత్త మనిషి కనబడితే పేరు అడిగేవాడు కాదు. "ఏ ఊరు? ఏ వాగు నీళ్లు తాగినవ్?" అని మొదలుపెట్టేవాడు. వాగు తెలిస్తే ఊరు, ఊరు తెలిస్తే ఇల్లు, ఇల్లు తెలిస్తే ఎవరి కొడుకో ఎవరి మనుమరాలో ఆయనే చెప్పేసేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు "వాగు నహీ కాకా, నల్లా నీళ్లు" అని ఆటపట్టిస్తే, "నల్లాల యాడికెళ్లి వస్తున్నయి రా, తాపీ నది నీళ్లే గద" అని వదిలేసేవాడు. వదిలేసేవాడే గానీ ఆ జవాబు ఆయనకు ఆనలేదని మొహమే చెప్పేది.

ఇక నా సంగతి. నేను అక్కడి తెలుగు బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, పుస్తకాలు చేసుకున్నాను అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక కథల సంపుటంలో ఒక మావోరీ కథ చదివాను. న్యూజిలాండ్ మొదటి మనుషుల కథ. ఊళ్లో బతుకు సాగక పట్నం ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్లు, ఇరుకు గదుల్లో పదిమంది ఉండేవాళ్లు, బడిలో సొంత భాష మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్లు, చావు కబురు వస్తే పని పోయినా సరేనని బస్సెక్కి ఊరికి పోయేవాళ్లు. చదివి పుస్తకం మూసి కిటికీలోంచి మా క్వార్టర్ల వైపు చూశాను. అప్పటి నుంచి ఆ పిచ్చి పట్టుకుంది. దొరికిన కథలన్నీ చదివాను, దొరికిన సినిమాలన్నీ చూశాను. చివరికి మూడు వారాలు ఆ దేశం వెళ్లి వచ్చాను. మూడు వారాల్లో ఒక జాతి గుండెను చదివేసినట్టు రెండు నోట్‌బుక్‌లు నింపుకుని తిరిగి వచ్చిన కొద్ది రోజులకే లోకమంతా తలుపులు మూసుకుంది.

లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో బతికిన కాకకు నిశ్శబ్దం పడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా బ్లాకు మెట్లు ఎక్కేవాడు, దిగేవాడు. "చెవుల్ల ఏందో తిరుగుతున్నది బిడ్డా, మగ్గం నడిస్తే తగ్గుతది" అనేవాడు. చాలామంది దొరికిన బండెక్కి ఊళ్లకు పోయారు. ఈయన పోలేదు. ఊళ్లో ఇల్లు ఎప్పుడో కూలిపోయింది.

ఒక మధ్యాహ్నం ఉక్కకు తలుపు తీసిపెట్టి లాప్‌టాప్‌లో సినిమా చూస్తున్నాను. మూడోసారో నాలుగోసారో మెట్లెక్కుతున్న ఆయన గడప బయట ఆగాడు.

"ఏంది బిడ్డా అది?"

"సినిమా కాకా. మావోరీలని, నేను పోయిన దేశపోళ్లు."

కాసేపు చూశాడు. నేను వాళ్ల మాటలకు అర్థం చెప్పబోయాను.

"ఆవాజ్ బంద్ చెయ్యి జర. అర్థమైతలేదు" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ ఆయన సరదాకు అనలేదు. షెడ్డులో ఎదుటి మనిషి గొంతు వినబడదు. పెదవులు, కళ్లు, చేతులు చూసే మాట్లాడుకోవాలి. సగం వినికిడి పోయిన ఆయనకు మొహం చదవడమే చదువు. చప్పుడు ఆపేశాను. గడప బయట నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, రెండు గంటల సినిమా చూశాడు. అయిపోయాక, "ఆ ముసలామె పెద్ద కొడుకును ఎన్నడు క్షమించలే. అన్నం పెట్టింది గని క్షమించలే" అన్నాడు. నేను ఆ సినిమా నాలుగుసార్లు చూశాను. ఐదోసారి చూస్తే అది నిజం.

ఆ తర్వాత అదొక అలవాటైంది. మధ్యాహ్నం ఆయన గడప బయట, చిన్నమ్మ మెట్ల మీద చేటలో బియ్యం ఏరుకుంటూ, నేను లోపల. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు, దూరం పాటించాలని చెప్పారు కదా అనేవాడు. తెర మీద మగవాళ్లు నాలుకలు చాచి, కళ్లు పెద్దవి చేసి, తొడలు చరుస్తూ ఆడే ఆట వస్తే, "మన పోతరాజు గిట్ల వీళ్లను చూస్తే ఉద్యోగం ఇడిసిపెడ్తడు" అన్నాడు. శ్మశానం నుంచి బయటికి వస్తూ వాళ్లు చేతులు కడుక్కోవడం చూసి ఉలిక్కిపడ్డాడు. "చూసినవా, నీళ్లు" అని చిన్నమ్మను పిలిచి చూపించాడు. చావింటికి పోయొచ్చినవాళ్ల కాళ్ల మీద వాకిట్లోనే నీళ్లు పోసే మనుషులం మేము. పెద్ద ఇంటి గోడల నిండా చనిపోయినవాళ్ల ఫోటోలు పెట్టుకుని, వాటి కిందే వరసగా పరుపులు వేసుకుని పడుకునే దృశ్యం మాత్రం ఆయనకు అంతు చిక్కలేదు.

"జడుసుకోరా బిడ్డా?"

"వాళ్లోళ్లే కదా కాకా. ఎందుకు జడుపు?"

"గదీ నిజమే" అన్నాడు. మెట్లు దిగిపోయి మళ్లీ ఎక్కి వచ్చి, "మరి మనకెందుకు జడుపు?" అన్నాడు.

నా ప్రయాణంలో ఒక ఘట్టం ఆయన పదేపదే చెప్పించుకునేవాడు. సముద్రం పక్కన ఒక చిన్న ఊరు. ఊరందరిదీ అయిన పెద్ద ఇల్లు, ముందు పచ్చిక వాకిలి. మరాయ్ అంటారు. అక్కడికి పెళ్లికి పోయినా చావుకు పోయినా నేరుగా లోపలికి పోకూడదు, తలుపు కొట్టకూడదు. బయట గేటు దగ్గర నిలబడాలి. లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతెత్తి పిలవాలి. వచ్చినవాళ్లనూ పిలుస్తుంది, వాళ్లు మనసులో వెంట తెచ్చుకున్న చనిపోయినవాళ్లనూ పిలుస్తుంది. అప్పుడు అడుగు వేయాలి. మా అయిదారుగురు యాత్రికుల కోసం ఒక ముసలామె అలా పిలిచినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వెంటనే నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. అదీ నా వరస. లోపలికి వెళ్లాక ఎవరికి వాళ్లు నా కొండ ఇది, నా నది ఇది, నా పెద్దలు వీళ్లు అని చెప్పుకోవాలి. పేరు అన్నిటికన్నా చివర. నా వంతు వచ్చినప్పుడు తడబడి తాపీ అన్నాను.

"పేరు ఆఖరుకా? మంచి కాయిదా" అని కాక మురిసిపోయేవాడు. ఆ వెంటనే, "తాపీ ఎందుకన్నవ్ బిడ్డా, మానేరు అనకపోయినవ్? నీ తండ్రి మానేరు నీళ్లు తాగినోడు" అని ప్రతిసారీ కొత్తగా నొచ్చుకునేవాడు.

ఒక సినిమాలో ఒక కొడుకు, పట్నంలో మాంసం ఫ్యాక్టరీలో పనివాడు, తల్లి ఫోటోను ఒడిలో పెట్టుకుని బస్సులో ఎక్కడికో పోతుంటాడు. తల్లి పోయి అప్పటికే కొన్ని నెలలు. వర్షంలో ఒక మరాయ్ గేటు ముందు నిలబడతాడు. చాలాసేపు ఎవరూ పిలవరు. తర్వాత పిలుస్తారు. కాక ఆ రోజు సినిమా మధ్యలో ఒక్కసారి కూడా మెట్లు దిగలేదు.

"పోయి నెలలైనంక ఫోటో ఎందుకు మోస్తున్నడు?"

నాకు తెలిసింది చెప్పాను. చావుకు రాలేకపోయినవాళ్ల ఊళ్లకు, చనిపోయిన మనిషినే తీసుకుపోతారు కాకా. ఫోటో రూపంలో. అక్కడివాళ్లు ఫోటోను ముందు పెట్టుకుని ఏడుస్తారు, ఆ మనిషితోనే మాట్లాడినట్టు మాట్లాడతారు, తర్వాత అందరూ కలిసి తింటారు. అప్పటికి గానీ చావు పూర్తయినట్టు కాదు.

చిన్నమ్మ బియ్యం ఏరుతూనే, "బాగున్నది. ఏడ్వనీకి రాకపోతే పీనుగే వాకిట్లకు వస్తదన్నట్టు. ఇగ ఎవ్వడు తప్పించుకోలేడు" అంది. అందరం నవ్వాం.

చిన్నమ్మ అంటే నవ్వే కాదు. క్వార్టర్లలో ఏ తెలుగింట్లో చావు జరిగినా మొదటి శోకం ఆమెదే. వరస పెట్టి పిలుస్తూ, పోయిన మనిషి తిన్నవీ తిననివీ, కట్టినవీ కట్టనివీ ఒక్కొక్కటే ఎత్తి చెబుతూ ఏడ్చేది. ఆమె మొదలుపెడితే గానీ మిగతావాళ్లకు గొంతు పెగిలేది కాదు. మా నాన్న పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. రాయిలా కూర్చున్నాను. చిన్నమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని, నా తరఫున, నేనే అయినట్టు, "ఓ నా బాపూ" అని ఏడ్చింది. ఆ గొంతులో నాకు నా ఏడుపు వినిపించింది. తర్వాత చాలాసేపటికి నాకూ కన్నీళ్లు వచ్చాయి.

రెండో ఏడు వేసవిలో చిన్నమ్మకు జ్వరం వచ్చింది. రెండో విడత కరోనా ఊరంతా తిరుగుతున్న రోజులు. నాలుగో నాడు ఊపిరి అందక అంబులెన్సులో తీసుకుపోయారు. మూడు రోజుల తర్వాత కబురు వచ్చింది. ప్లాస్టిక్‌లో చుట్టి నేరుగా దహనానికి తీసుకుపోయారు. కాకను రెయిలింగు అవతలే ఆపేశారు. లోపల వరసగా మూటలు. "ఏది ఆమెదో చెప్పలే బిడ్డా. అన్నిటికి దండం పెట్టిన" అని నాకు ఫోనులో చెప్పాడు. కింది అంతస్తు నుంచి మూడో అంతస్తుకు ఫోను. అప్పటి బతుకులు అవి.

పదో రోజూ ఎవరూ రాలేదు. ఎవరినీ తప్పుపట్టలేం, ప్రతి బ్లాకులో ఎవరో ఒకరు మంచం పట్టి ఉన్నారు. మాలో ఇంకో ఆచారం ఉంది. కర్మ అయ్యాక దగ్గరివాళ్లు ఎవరైనా వచ్చి, చావు జరిగిన ఇంటివాళ్లను తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టుకోవాలి. నిద్రకు తీసుకుపోవడం అంటారు. అది జరిగితేనే ఆ మనిషి మళ్లీ నలుగురి ఇళ్లకూ వెళ్లవచ్చు. కాకను ఎవరూ నిద్రకు పిలవలేదు. నెల గడిచింది, రెండో నెల వచ్చింది, జ్వరాలు తగ్గాయి, పిలవలేదు. ఒకరు పిలుస్తారని ఇంకొకరు అనుకున్నారు. మేమూ అంతే.

ఆ రోజుల్లో ఒకసారి మెట్ల దగ్గర ఎదురై, గోడకేసి చూస్తూ అన్నాడు.

"అందరి చావుకు ఏడ్చింది బిడ్డా. ఆమెకు ఒక్కలు ఏడ్వలే. నాకు ఏడ్వ రాదు. మొగోన్ని, నేర్వలే. ఆమె చావు ఆడనే నిలవడిపోయింది."

నేను ఏదో ఓదార్పు మాట అన్నాను. ఏమన్నానో గుర్తు కూడా లేదు, అంత పనికిమాలిన మాట.

తర్వాత ఆయన కతర్‌గామ్ బజారుకు వెళ్లి అక్కడ తెరిచి ఉన్న ఒక స్టూడియోలో చిన్నమ్మ ఫోటో పెద్దది చేయించుకుని వచ్చాడు. ఫ్రేము కట్టించాడు. ఆ మరుసటి ఆదివారం పొద్దున పదకొండు గంటలప్పుడు కిటికీలోంచి చూస్తే, ఎదుటి బ్లాకులో ఒక తెలుగింటి ముందు నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, మూతికి మాస్కు, ఛాతీకి ఆనించి పట్టుకున్న ఫోటో. తలుపు కొట్టలేదు. పిలవలేదు. నిలబడ్డాడు, అంతే. లోపల కర్టెన్ కదిలింది. తలుపు తెరుచుకోలేదు. పది నిమిషాల తర్వాత పక్క ఇంటికి కదిలాడు. అక్కడా అంతే.

చిన్నమ్మ ఏడ్చిన ఇళ్లు అవి. వరసగా అవే ఇళ్లకు పోతున్నాడు.

క్వార్టర్లంతా గుసగుసలు. "కాకకు దిమాగ్ ఖరాబైంది." "నిద్ర చెయ్యక ముందే ఇండ్లకు వస్తున్నడు, గది మంచిదేనా?" "పోయిన మనిషి ఫోటో వాకిట్లకు తెస్తరా ఎవరన్న?" ఆయన తలుపు ఎందుకు కొట్టడం లేదో, దేని కోసం నిలబడ్డాడో సూరత్ మొత్తంలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. పిచ్చి కాదు, పిలుపు కోసం చూస్తున్నాడు. నేను కిందికి పోయి నాలుగు గుమ్మాల్లో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. నేను టీచరుని, నా మాట వినేవాళ్లు. కిటికీ దగ్గర నుంచి వంటింటికీ, వంటింటి నుంచి కిటికీకీ తిరిగాను. ఇంకో సంగతి కూడా నన్ను కోస్తూ ఉంది. ఆ దేశంలో ఫోటో మోసుకుపోయేవాళ్లు ముందే కబురు పంపుతారు, అవతలివాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు. సినిమా కథలో అందమైనంత మేరకే చెప్పాను. మూడు వారాల జ్ఞానం అంతే మరి.

మధ్యాహ్నానికి మా బ్లాకు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మా తలుపు ముందు ఆగింది.

తమ్ముడు నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, తెరువకు. ఇంట్ల కడుపుతోని మనిషున్నది. ఆయన నిద్ర గిట్ల ఏం చెయ్యలే. జర ఆగితే ఆయనే పోతడు."

తలుపు పక్క కిటికీ సందులోంచి చూశాను. ఆరడుగుల దూరంలో నిలబడ్డాడు, తల కొద్దిగా వంచుకుని. ఫోటోలో చిన్నమ్మ నవ్వుతోంది. ఏదో గుంపు ఫోటోలోంచి ఆమెను ఒక్కదాన్నే కత్తిరించి పెద్దది చేసినట్టున్నారు, మొహం కాస్త చెదిరింది. ఫ్రేము అంచున పక్కనున్న మనిషి భుజం సగం మిగిలిపోయింది. ఆకుపచ్చ పట్టుచీర, సన్న జరీ అంచు. తమ్ముడి పెళ్లినాటి ఫోటో అది. ఆ భుజం నాది.

చెయ్యవలసింది ఎంత పని? "రా కాకా" అంటే చాలు. రెండు మాటలు. "రా చిన్నమ్మా" అంటే ఇంకా రెండు. తలుపు తెరవకుండానే అనొచ్చు. తెర మీద ఎవరో ముసలామె పిలిస్తే కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని, ఆ పిలుపు మీద మూడు పేజీలు రాసుకున్నదాన్ని, నోరు తెరవలేదు. మరదలి కోసమని అనుకున్నాను. జబ్బు భయమని అనుకున్నాను. నిజానికి సిగ్గు కూడా ఉంది. చుట్టుపక్కల తలుపుల వెనక అందరూ వింటున్నారు, పిచ్చివాడితో పాటు నన్నూ కలిపేస్తారని. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. కుక్కరు మూడు కూతలు కూసింది. మరదలు గదిలోంచి లేచి వచ్చేసరికి ఆయన అడుగులు కిందికి దిగుతున్నాయి. సంగతి విని ఆమె నా మొహంలోకి చూసింది. "నన్ను అడిగితే పిలువమందును గద వదినా" అంది. నేను పోయి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో చెప్పలేను. చిన్నమ్మ కోసమైతే ఆమె ఎదుట ఏడవవలసింది.

ఆ తర్వాత ఆయన ఏ ఇంటికీ పోలేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మగ్గాలు మళ్లీ నడిచాయి, సూరత్ అవతల ఉన్న కిమ్‌లో ఒక షెడ్డులో పనికి కుదిరాడు. నేను మెట్లు దిగే వేళలు మార్చుకున్నాను. సినిమాలు చూడటం మానేశాను. బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి, మధ్యలో ఎక్కడా కాలు నిలవకుండా తిరిగాను.

రెండో సూది కోసం టీకా కేంద్రం ముందు లైన్లో నిలబడ్డ రోజు తప్పించుకోవడం కుదరలేదు. నేల మీద సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడాలి. నా ముందు గుండ్రంలో ఆయన. అలికిడికి వెనక్కి తిరిగి చూశాడు.

"బాగున్నవా బిడ్డా? మరదలు కాన్పయిందట, ఆడపిల్లనట గద. సల్లగుండాలె."

తల ఊపాను. తర్వాత, అడిగే హక్కు లేకపోయినా అడిగాను.

"ఎవరన్న పిలిచిండ్రా కాకా?"

నా పెదవులు మాస్కు వెనక ఉన్నాయి, ఆయనకు అర్థం కాలేదు. మాస్కు కిందికి దించి మళ్లీ అడిగాను. ఆ మాట మొహం చూపించి అడగవలసి వచ్చింది.

"ఆఁ, పిలిచిండ్రు. కిమ్‌ల" అన్నాడు. "షెడ్డు ఎనుక ఒడియా పనోళ్లుంటరు, ఒక్క కోలీల, గింత గదిల, పన్నెండుగురు. పనికి పోయేటప్పుడు ఫోటో సంచిల పెట్టుకపోయిన ఒకనాడు. ఆళ్ల వాకిట్ల నిలవడ్డ. ఒకాయిన అన్నం వండుతుండె. చూసి, ఆవో చాచా, అందర్ ఆవో అని లోపటికి పిలిచిండు. గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు. ఆయినె తల్లి కూడ అప్పుడే పోయిందట ఊర్ల, బండ్లు లేక ఆయిన పోలేకపోయిండట. ఆయిన మొదలువెట్టిండు. ఆళ్ల భాషల. నాకు ఒక్క ముక్క తెల్వది. అందరు ఏడ్చిండ్రు బిడ్డా. నాక్కూడ వచ్చింది. ఎనుకంగ అన్నం పెట్టిండ్రు."

"మంచిగైంది కాకా."

"ఐంది. ఆమెకు ఆళ్ల మాట అర్థంగాకపోవచ్చు. మొహాలు చూసి తెలుసుకుంటది, నాతోని ఉండి నేర్సింది."

లైను ఒక గుండ్రం కదిలింది. ఆయన వేళ్లు ఎప్పటిలాగే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మళ్లీ నా వైపు తిరిగాడు. కోపం ఉందేమోనని ఆ కళ్లలో వెతికాను. నిజంగానే ఏదో తెలుసుకోవాలనుకుంటున్న మొహం అది.

"ఒక మాట అడగాలనుకున్న బిడ్డా. నువ్వు ఆ దేశం పోయినప్పుడు బయట నిలవడ్డవు గద. నిన్ను పిలిచిన ముసలామెకు నువ్వెవరో ఎరికేనా?"

"ఎరికలేదు కాకా."

"ఏ ఊరు, ఎవరి బిడ్డవో?"

"ఏం తెల్వది. నేను లోపటికి పోయినంకనే అడిగిండ్రు."

"అంటే ముందుగాలనే పిలిచింది."

"ముందే పిలిచింది."

లోపలి నుంచి ఆయన నంబరు పిలిచారు. ఆయనకు వినబడలేదు, నేను చేత్తో చూపించాను. రెండడుగులు వేసి ఆగాడు.

"మంచోళ్లు బిడ్డా ఆళ్లు" అన్నాడు, లోపలికి వెళ్లిపోయాడు.